నెట్‌వర్కు రాకపోకలు: తరగతుల వారీ లెక్క

మహబూబాబాదు రైల్వేస్టేషనులో ఒక గంటసేపు కూర్చున్న వారికి, ఎవరును బోధింపకుండగనే ఒక పాఠము తెలియును. గూడ్సుబండి లూపు లైనులో నిలిచి యుండును. మెయిను లైనుపై ఎక్స్‌ప్రెస్ బండి ఆగకుండ దూసుకొని పోవును. మరికొంత సేపటికి ప్యాసింజరు బండి వచ్చి, జనమును దింపి, ఎక్కించుకొని కదలును. ఆ తరువాత గాని గూడ్సుబండికి సిగ్నలు పడదు. పట్టాలు అందరికిని అవియే. ఎవరు ముందు, ఎవరు తరువాత అను నిర్ణయము వలననే ఒక బండి వేగముగా పోవుచున్నది, మరియొకటి ఓపికగా నిలుచుచున్నది.

ఆ స్టేషనులో ప్రయాణికుల కంటబడని వస్తువు మరొకటి కలదు. అది స్టేషను మాస్టరు బల్లపై నుండు రిజిస్టరు. ఏ బండికి ఎప్పుడు దారి ఇచ్చిరి, అది ఎప్పుడు వచ్చెను, ఎప్పుడు పోయెను అను వివరములు దానిలో గంట, నిమిషములతో సహా వ్రాయబడును. నియమము ఉండుట ఒక ఎత్తు. ఆ నియమము ప్రకారము పని జరిగినదా లేదా అని చూపు లెక్క ఉండుట మరొక ఎత్తు. రిజిస్టరు లేని స్టేషనులో ఏ బండి ఎందుకు ఆలస్యమైనదో ఎవరును చెప్పజాలరు.

కంప్యూటరు నెట్‌వర్కు విషయమును సరిగా ఇట్టిదే. మన విద్యార్థులు నేడు దూరముననున్న అధ్యాపకుల పాఠములు వినుచున్నారు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు పంపుచున్నారు, పరీక్షలు సైతము తెరపై వ్రాయుచున్నారు. “నెట్ నెమ్మదిగా ఉన్నది” అను ఫిర్యాదు వినబడని కళాశాల అరుదు. ఆ ఫిర్యాదుకు సాధారణముగా వ్రాయబడు మందు ఒక్కటే: ఇప్పుడున్న దానికంటె పెద్ద కనెక్షను కొనుట. రోగమేమో తెలియకుండ మందు వ్రాయుట వైద్యులు మెచ్చని పని. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతియే: నెట్‌వర్కులో మొత్తము రాకపోకల లెక్కను మాత్రమే చూచి నిర్ణయము చేయరాదు, సేవాతరగతుల వారీగా లెక్క చూచియే చేయవలెను.

తంతి నాటి తరగతులు

సందేశములను తరగతులుగా విభజించుట కంప్యూటర్లతో పుట్టిన పద్ధతి కాదు. తెలుగులో తంతి యనియు, ఉర్దూలో తార్ అనియు పెద్దలు పిలిచిన టెలిగ్రాములో ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ అను తరగతులుండెడివి. మన దేశమున ఆ సేవ 2013 జులైలో ముగిసినది. ట్రంకు కాల్ రోజులలో ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు మెట్లుండెడివి. కాల్ బుక్ చేసి, టెలిఫోను ప్రక్కనే గంటల తరబడి కూర్చున్న అనుభవము మన తల్లిదండ్రుల తరమునకు బాగుగా తెలియును. ఆపరేటరు సాయము లేకుండ దూరప్రాంతమునకు నేరుగా నంబరు తిప్పు సౌకర్యము మన దేశమున 1960 నవంబరులో కాన్పూరు, లక్నో నగరముల మధ్య మొదలైనది.

లెక్కింపు సైతము ప్రాచీనమైనదే. డెన్మార్కు దేశపు ఎ. కె. ఎర్లాంగ్ అను గణితవేత్త కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, ఎన్ని కాల్స్ వచ్చినచో ఎన్ని లైన్లు కావలెను అను ప్రశ్నను సంభావ్యతా శాస్త్రముతో పరిశీలించి 1909లో వ్యాసము ప్రకటించెను. నేటికిని టెలిఫోను రద్దీని కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే ఉన్నది. వరుసలో నిలుచుట అను సామాన్య విషయమునకు శాస్త్రగౌరవము తెచ్చినవారిలో ఆయన ముందువాడు.

తంతికిని, ట్రంకు కాల్‌కును ఎక్కువ రుసుము చెల్లించిన వానికి ముందు వంతు దొరకెడిది. కళాశాల నెట్‌వర్కులో అట్లు జరుగరాదు. ఇక్కడ ముందు వంతు పనియొక్క స్వభావమును బట్టి రావలెనే గాని, పదవిని బట్టియో, డబ్బును బట్టియో రారాదు. ఈ భేదమును పాఠకులు చివరివరకు గుర్తుంచుకొందురు గాక.

మూటపై గుర్తు

నెట్‌వర్కులో ఏ సమాచారమైనను ఒకే ముద్దగా పోదు. ప్యాకెట్లు అను చిన్న చిన్న మూటలుగా విడిపోయి పోవును. ఒక మూట పరిమాణము సాధారణముగా 1,500 బైట్లకు మించదు. ప్రతి మూటకు ముందుభాగమున చిరునామా చీటీ వంటిది ఒకటి ఉండును. పంపినవారి చిరునామా, అందుకొనవలసినవారి చిరునామా, మరికొన్ని వివరములు అందులో నుండును.

1981లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ ప్రమాణము వెలువడినపుడే ఆ చీటీలో ఒక బైటు సేవావిధమునకై కేటాయింపబడెను. దానిలో 3 బిట్లు ప్రాధాన్యమును తెలుపునవి. మూడు బిట్లతో 8 మెట్లు ఏర్పడును. ఆ మెట్లకు పెట్టిన రొటీన్, ప్రయారిటీ, ఇమ్మీడియట్, ఫ్లాష్ వంటి పేర్లు సైనిక తంతివార్తల నుండి వచ్చినవే. 1998 డిసెంబరులో ఈ పద్ధతి సవరింపబడి 6 బిట్ల గుర్తుగా మారినది. ఆరు బిట్లతో 64 గుర్తులు సాధ్యము. వానిలో 46 అను గుర్తు సంభాషణ వంటి ఆలస్యమును సహింపని సమాచారమునకు వాడుకలో నున్నది. 0 అను గుర్తు ఏ ప్రత్యేకతయు లేని సామాన్య సమాచారమునకు చెందును. అందరి పనియు ముగిసిన తరువాత పోయినను చాలును అనదగిన సమాచారమునకు 1 అను గుర్తు 2019లో నిర్ణయింపబడినది.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు చేయుదురు. గుర్తు పెట్టినంతనే మూట వేగముగా పోవునని తలచుదురు. అది నిజము కాదు. గుర్తు అనునది చీటీపై వ్రాత మాత్రమే. దారిలో నున్న ప్రతి రౌటరును, ప్రతి స్విచ్చియు ఆ వ్రాతను చదివి, తగిన వరుసలో నిలుపునట్లు మనము ముందుగా ఆదేశించి యుండవలెను. స్టేషను మాస్టరు చదువని బోర్డును ఇంజనుకు తగిలించుట వలన ప్రయోజనమేమి?

నాలుగు తరగతులు

గుర్తులు 64 ఉన్నవి గదా అని 64 తరగతులు ఏర్పరచుట అనవసరము. ఒక కళాశాలకు గాని, ఒక చిన్న ఆసుపత్రికి గాని నాలుగు చాలును.

మొదటిది నిర్వహణ తరగతి. రౌటర్లు తమలో తాము దారుల గురించి చెప్పుకొను మాటలు ఇందులో చేరును. ఇవి అతి స్వల్పము; కాని ఇవి ఆగినచో అంతయు ఆగును. రెండవది సజీవ తరగతి. టెలిఫోను సంభాషణ, ప్రత్యక్ష పాఠము, రోగితో వైద్యుని ముఖాముఖి ఇందులోనివి. మూడవది పని తరగతి. తెరపై పరీక్ష, దరఖాస్తు, గ్రంథాలయపు కేటలాగు, ఫీజు చెల్లింపు ఇందులోనివి. నాలుగవది భార తరగతి. సాఫ్ట్‌వేరు నవీకరణలు, పెద్ద ఫైళ్లు, రికార్డు చేసిన వీడియోలు, రాత్రివేళ తీయు నకళ్లు ఇందులోనివి.

ఈ విభజనకు ఆధారము పరిమాణము కాదు, ఓపిక. ఒక చిన్న లెక్క చూడుడు. యూనికోడ్ పద్ధతిలో సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 రూపమున ఒక ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు లిపిచిహ్నమునకు 3 బైట్లు పట్టును. రెండువేల చిహ్నములున్న తెలుగు పుట 6,000 బైట్లగును. అంతే ఉర్దూ పుట 4,000 బైట్లు. ఇక టెలిఫోను నాణ్యతతో నడచు సామాన్య సంభాషణకు ఒక సెకనుకు 50 మూటలు, మూట ఒక్కింటికి 200 బైట్లు, మొత్తము 10,000 బైట్లు కావలెను. అనగా మన సంచికలోని ఒక పుట ఒక సెకను మాటకంటె తేలికయైనది. అయినను ఆ పుట రెండు సెకన్లు ఆలస్యముగా చేరినచో ఎవరికిని నష్టము లేదు. మాట రెండు సెకన్లు ఆలస్యమైనచో సంభాషణయే సాగదు. మాట ఒక చివరినుండి మరొక చివరికి 150 మిల్లీసెకన్లలోపు చేరుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియను సూచించుచున్నది. కనురెప్పపాటుకు పట్టు కాలము సుమారు అంతియే.

తరగతులు నిర్ణయించిన పిదప రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, గుర్తు పెట్టు అధికారము కళాశాల స్విచ్చికే ఉండవలెను. ప్రతి కంప్యూటరును తన మూటలపై 46 అని తానే వ్రాసికొనినచో, ప్రతి గూడ్సుబండియు తాను ఎక్స్‌ప్రెస్ అని చెప్పుకొనినట్లగును. రెండవది, ముందు వంతు పొందు సజీవ తరగతికి ఒక గరిష్ఠ హద్దు విధింపవలెను. లేనిచో ఆ తరగతియే దారినంతయు ఆక్రమించి, పరీక్ష వ్రాయువారిని శాశ్వతముగా లూపు లైనులో నిలుపును.

లెక్కింపు సాధనములు

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. తరగతులు ఏర్పడినవి, వరుసలు ఏర్పడినవి. అవి సరిగా పనిచేయుచున్నవా? దీనికి మూడు సాధనములు కలవు.

మొదటి సాధనము కౌంటరు. రౌటరులోని ప్రతి వరుసకు కొన్ని కౌంటర్లుండును. ఎన్ని మూటలు, ఎన్ని బైట్లు పోయినవి, ఎన్ని మూటలు చోటులేక విడువబడినవి, వరుసలో ఎన్ని వేచియున్నవి అని అవి చూపును. ఇవి మన ఇంటి కరెంటు మీటరు వంటివి. మీటరుపై అంకె ఒంటరిగా ఏమియు చెప్పదు. రెండు రీడింగుల మధ్య తేడాయే వాడుకను తెలుపును. 1988 నుండి ప్రమాణములలో నున్న ఎస్.ఎన్.ఎం.పి. అను పద్ధతి ద్వారా మరియొక కంప్యూటరు ఈ కౌంటర్లను నియత కాలములలో చదివి భద్రపరచును.

రెండవ సాధనము ప్రవాహ పట్టిక. ఏ చిరునామానుండి ఏ చిరునామాకు, ఏ గుర్తుతో, ఎన్ని బైట్లు పోయినవి అని రౌటరు ఒక పట్టికగా పంపును. కౌంటరు “ఎంత” అని చెప్పును. పట్టిక “ఎక్కడనుండి” అని చెప్పును. ఒక తరగతిలో రావలసిన దానికంటె ఎక్కువ సమాచారము వచ్చినప్పుడు కారణము వెదకుటకు ఇది పనికివచ్చును.

మూడవ సాధనము పరీక్ష మూట. పై రెండును ఆలస్యమును నేరుగా చూపజాలవు. అందుచేత ప్రతి తరగతి గుర్తుతోను చిన్న చిన్న పరీక్ష మూటలను పంపి, అవి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును కొలుతురు. ఒక మూటకును మరొక మూటకును ఆలస్యములో వచ్చు హెచ్చుతగ్గులను కూడ గమనింతురు. సంభాషణను చెడగొట్టుటలో సగటు ఆలస్యము కంటె ఈ హెచ్చుతగ్గులకే పాలు ఎక్కువ.

ఒక కల్పిత ఉదాహరణ

ఒక కళాశాలను ఊహించుకొందము. దానికి సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షను ఉన్నది. ఉదయము 10 గంటలకు దూరపాఠముల మాటలు ముక్కలు ముక్కలుగా వినబడుచున్నవని ఫిర్యాదు వచ్చినది. మొత్తము వాడుక చూడగా 38 మెగాబిట్లు మాత్రమే. “దారిలో సగముకంటె ఎక్కువ ఖాళీగా నున్నది, లోపము మనది కాదు” అని ఒకరందురు. “కాదు, 200 మెగాబిట్ల కనెక్షను కొనవలెను” అని మరొకరందురు. ఇద్దరును మొత్తమునే చూచుచున్నారు.

ఇప్పుడు సజీవ తరగతి కౌంటరును చూతము. 10 గంటలకును, 10 గంటల 5 నిమిషములకును మధ్య తేడా 7,50,00,000 బైట్లు. బైటుకు 8 బిట్లు గనుక 60,00,00,000 బిట్లు. దీనిని 300 సెకన్లతో భాగింపగా సెకనుకు 20,00,000 బిట్లు, అనగా 2 మెగాబిట్లు వచ్చును. మూటకు 200 బైట్ల చొప్పున పోయిన మూటలు 3,75,000. విడువబడిన మూటల కౌంటరులో తేడా 7,500. అనగా వచ్చిన ప్రతి వంద మూటలలో సుమారు రెండు పోయినవి.

సజీవ తరగతికి ఆ కళాశాలవారు విధించిన హద్దు ఎంత? సరిగా 2 మెగాబిట్లు. ఒక్కొక్క సంభాషణకు సెకనుకు 80,000 బిట్లు కావలెను గనుక ఆ హద్దులో 25 సంభాషణలు ఇముడును. ఇరువదియారవ వ్యక్తి 150 సెకన్లపాటు చేరినాడనుకొనుడు. సెకనుకు 50 మూటల చొప్పున అతడు తెచ్చిన మూటలు 7,500. విడువబడిన మూటల సంఖ్యయు అదియే. కాని రౌటరుకు ఇరువదియారవ వాడు ఎవరో తెలియదు. వరుసలో చోటు లేనప్పుడు వచ్చిన మూట ఎవరిదైనను విడిచివేయును. కనుక ఒక్కని రాకతో ఇరువదియారుగురి మాటయు చెడినది.

దీనికి చికిత్స 200 మెగాబిట్లు కొనుట కాదు. హద్దును 2 నుండి 4 మెగాబిట్లకు పెంచినచో చాలును. ఖర్చు ఒక్క రూపాయియు లేదు. పెద్ద కనెక్షను కొని, హద్దును మార్చకుండ వదలినచో, డబ్బును పోయెడిది, మాటయు చెడిపోయి యుండెడిది. చిన్న కళాశాల కమిటీకి ప్రతి రూపాయియు ఒక పుస్తకమో, ఒక విద్యార్థి ఫీజు రాయితీయో కాగలదు. అందుచేత ఈ లెక్క కేవలము యంత్రశాస్త్ర విషయము కాదు, ధర్మకర్తల విషయము.

లెక్క మోసగించు సందర్భములు

లెక్క ఉండినంత మాత్రమున సత్యము తెలిసినట్లు కాదు. జాగ్రత్తపడవలసిన నాలుగు సందర్భములను చెప్పెదము.

మొదటిది సగటు మోసము. 5 నిమిషములలో మొదటి 30 సెకన్లు దారి పూర్తిగా నిండి, మిగిలిన 270 సెకన్లు ఖాళీగా నుండినచో, సగటు పదిశాతమే వచ్చును. పటముపై అది ప్రశాంతమైన ఉదయము. ఆ 30 సెకన్లలో సమాధానపత్రము పంపబోయిన విద్యార్థికి మాత్రము అది ప్రశాంతము కాదు. అందుచే పరీక్ష దినములలో రీడింగుల మధ్య వ్యవధి తగ్గింపవలెను. విడువబడిన మూటల లెక్కను తప్పక చూడవలెను.

రెండవది కౌంటరు తిరుగుట. స్కూటరు మీటరు 99,999 తరువాత సున్నకు వచ్చినట్లే, 32 బిట్ల కౌంటరు 4,29,49,67,295 తరువాత సున్నకు వచ్చును. 100 మెగాబిట్ల దారి పూర్తిగా నిండి యుండగా ఇది 5 నిమిషముల 44 సెకన్లలో జరుగును. 1,000 మెగాబిట్ల దారిలో 34 సెకన్లలోనే జరుగును. ఇట్టి దారులలో 64 బిట్ల కౌంటర్లనే చదువవలెను.

మూడవది నష్టము లేని ఆలస్యము. ఒక మూటయు విడువబడలేదు గనుక అంతయు బాగుగా ఉన్నదని తలచరాదు. వరుస అతి పొడవుగా నుండినచో మూటలు పోవు. కాని వేచి వేచి చేరును. సెకనుకు 8 మెగాబిట్లు పంపు దారికి ముందు పదిలక్షల బైట్ల వరుస నిండి యుండినచో, చివరి మూట ఒక పూర్తి సెకను నిరీక్షింపవలెను. అందువలననే పరీక్ష మూటల సాధనము అవసరమైనది.

నాలుగవది రెండవ ఒడ్డు వరుస. విద్యార్థులు పంపుదానికంటె తెచ్చుకొనునదియే ఎక్కువ. బయటినుండి వచ్చు సమాచారపు రద్దీ కళాశాల రౌటరులో గాక, సేవాసంస్థవారి రౌటరులో ఏర్పడును. అక్కడి వరుసపై మనకు అధికారము లేదు. మన గుర్తులు వారి సరిహద్దు దాటగనే చెరిపివేయబడుటయు కలదు. కొనిన వేగముకంటె కొంచెము తక్కువకు మన రౌటరులోనే హద్దు పెట్టినచో, వరుస మన చేతిలోని చోటునకు చాలవరకు మారును. ఐదు శాతము వేగమును వదలుకొని, క్రమమును సంపాదించుట లాభసాటి బేరమే.

దారి ఇరుకైన నాడు

దారి విశాలముగా నున్నంతకాలము తరగతులు ఉన్నను, లేకున్నను ఒకటియే. దారి ఇరుకైన నాడే వాని విలువ తెలియును. ఇందుకు మన ప్రాంతపు అనుభవములే సాక్ష్యము.

2024 సెప్టెంబరు 1వ తేదీన కురిసిన భారీ వర్షములకు కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలుకట్ట కొట్టుకొనిపోయినది. పట్టాలు గాలిలో వ్రేలాడిన చిత్రములను మనమందరము చూచితిమి. ఉత్తర దక్షిణములను కలుపు ముఖ్యమైన మార్గము కొన్ని దినములు స్తంభించినది. ఎన్నియో రైళ్లు రద్దయ్యెను, ఎన్నియో దారి మళ్లింపబడెను. అంతకు ముందటి సంవత్సరము 2023 జులై 27వ తేదీన భూపాలపల్లి సమీపమున మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచివేసినది. గ్రామస్థులు ఇండ్ల కప్పులనెక్కి ప్రాణములు నిలుపుకొనిరి. హెలికాప్టర్లు వచ్చి కొందరిని కాపాడినవి.

అట్టి దినమున ఒక్క పిలుపు విలువ ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు. వరదనాడు కేబులు తెగిపోవుటయు, మిగిలిన ఒక్క దారిపై అందరి భారము పడుటయు ఎక్కడనైనను జరుగగల విషయమే. 100 మెగాబిట్ల దారి 4 మెగాబిట్లకు కుదించుకొని పోయినదనుకొనుడు. తరగతులు లేని నెట్‌వర్కులో సాఫ్ట్‌వేరు నవీకరణయు, సహాయము కోరు కేకయు ఒకే వరుసలో నిలుచును. తరగతులున్న నెట్‌వర్కులో ఆ కేక ముందుకు పోవును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైనవి. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు చేర్చుటకై 2011లో ఆమోదింపబడి, తరువాత భారత్‌నెట్ అను పేరు పొందిన పథకము మన రాష్ట్రమున టీ-ఫైబరు ద్వారా సాగినది. దూరవైద్యము, దూరవిద్య, పంచాయతీ దరఖాస్తులు ఒకే గాజు దారముపై పోవు కాలమిది. భూపాలపల్లికి రైలుమార్గము లేకున్నను ఈ మార్గమునకు అడ్డు లేదు. కనుక ఈ మార్గమున ఎవరు ముందు అను ప్రశ్న ఇంజనీర్లది మాత్రమే కాదు, మనందరిది.

వరదనాడు తరగతులు ఏర్పరచుట సాధ్యము కాదు. సామాన్య దినములలో లెక్క వ్రాసికొనిన వానికే ఆపద దినమున ఏది అసాధారణమో తెలియును.

కమిటీవారికి ఒక మనవి

తరగతుల వారీ లెక్కకు ఉపక్రమించువారు ముందుగా రెండు వారములపాటు ఏ మార్పును చేయక, ఉన్నది ఉన్నట్లు కొలువవలెను. ఒక సామాన్య వారము, ఒక పరీక్షల వారము అయినచో మరియు మంచిది. తరువాత నాలుగు తరగతులను నిర్ణయించి, ఆ నిర్ణయమును తెలుగు, ఉర్దూ భాషలలో వ్రాసి నోటీసు బోర్డుపై పెట్టవలెను. ఒకరికి ముందు వంతు ఇచ్చుట మరొకరిని ఆపుటయే. ఆగువానికి కారణము తెలియుట న్యాయము. ప్రిన్సిపాలుగారి గది యని గాని, ఆఫీసు గది యని గాని ముందు వంతు ఇచ్చినచో తంతి నాటి రుసుము పద్ధతికి మరల పోయినట్లగును.

మరియొక మర్యాద కలదు. ఈ లెక్కకు చీటీపై గుర్తు, బైట్ల సంఖ్య చాలును. మూట విప్పి లోపలి మాట చదువ నవసరము లేదు, చదువరాదు. పోస్టుమాను కవరుపై చిరునామా చదువును, ఉత్తరము చదువడు. ప్రవాహ పట్టికలో ఎవరు ఏ చోటికి పోయిరి అను వివరము వచ్చును గనుక, దానిని అవసరమైనన్ని దినములే ఉంచి చెరిపివేయవలెను. వ్యక్తిగత సమాచార రక్షణకై మన దేశమున 2023లో చట్టము చేయబడినది. సేవాసంస్థలు సమాచారపు విషయమును బట్టి వేర్వేరు ధరలు వసూలు చేయరాదని టెలికాం నియంత్రణ సంస్థ 2016 ఫిబ్రవరి 8వ తేదీన నియమము చేసినది. తన ఇంటిలో క్రమము నెలకొల్పుకొనుట వేరు, అమ్మువాడు కొనువారి మధ్య భేదము చూపుట వేరు. అయినను రెండింటికిని మూలమైన ప్రశ్న ఒకటే: ఎవరు ఎందుకు ఆగవలెను?

కంప్యూటరు, గణిత, వాణిజ్య విభాగముల విద్యార్థులు కలిసి ఈ లెక్కను ఒక ప్రాజెక్టుగా చేపట్టవచ్చును. రీడింగులు తీయుటకు ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరులు కలవు. ఒక పాత కంప్యూటరు చాలును. నెలకొకమారు ఒక్క పుట నివేదిక కమిటీకి ఇచ్చినను మేలే. అందులో తరగతికి నాలుగు అంకెలుండవలెను: ఎంత పోయినది, ఎంత విడువబడినది, ఎంత ఆలస్యమైనది, హద్దు ఎంత. ఆ పుటను చూచిన కమిటీవారు పెద్ద కనెక్షను కొనుట నిజముగా అవసరమా, హద్దు మార్చినచో చాలునా అని తామే నిర్ణయింపగలరు. కొనవలసియే వచ్చినచో, ఎందుకు కొనుచున్నారో కారణము కూడ వారి చేతిలోనే ఉండును.

మహబూబాబాదు స్టేషనులో గూడ్సుబండి నిలిచి యున్నందుకు దాని డ్రైవరు కోపింపడు. తన వంతు వచ్చునని అతనికి తెలియును; తాను ఎంతసేపు నిలిచినదియు రిజిస్టరులో వ్రాయబడుచున్నదని కూడ తెలియును. మన కళాశాల నెట్‌వర్కులో చివరి తరగతివారికి సైతము ఆ నమ్మకము కలిగించు రిజిస్టరును మనమే తెరువవలెను.